నేను వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఆ బుధవారం సాయంత్రం మా సంఘపెద్ద యోహానన్న ఇంటి ముందు ప్రార్థన కూటం. అందరం కళ్లు మూసుకుని నిలబడ్డాం. ప్రార్థన చేస్తున్నది నేనే. మధ్యలో కుడికాలి చీలమండ పైన దురద మొదలైంది. దోమ అనుకుని ఎడమకాలితో రుద్దుకున్నాను. దురద కాస్తా మంటగా మారింది. కలెక్టరు కోసం, యుద్ధంలో ఉన్న సైనికుల కోసం, వానల కోసం చేయవలసిన ప్రార్థన ఇంకా మిగిలే ఉంది. వాళ్లందరినీ ఒక్క మాటలో దేవుడికి అప్పజెప్పి ఆమేన్ అనేశాను.

"ఏంది అయ్యగారూ, ఇంత బిరీన ముగించినారు?" అన్నాడు యోహానన్న. పొడుగు ప్రార్థనలకు నాకు పేరుంది లెండి.

నేను మార్కాపురం తాలూకాలో, పుల్లలచెరువు పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఒక పాలెంలో ఉపదేశిని. వారమంతా ప్రార్థన ఇంట్లో పిల్లలకు పలకల మీద అక్షరాలు దిద్దిస్తాను. ఆదివారం పెద్దలకు ప్రసంగం చెబుతాను. ఇది నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నా వయసు ముప్పై ఆరు.

తెల్లారేసరికి దురద పెట్టిన చోట రేగుపండంత బొబ్బ లేచింది. చూడగానే మా పాలెంలో పసిపిల్లలు కూడా పేరు చెప్పేస్తారు, నారి కురుపు అని. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను: తెల్లటి దారం లాంటి పురుగు, మూరకు పైగా పొడుగు, ఏడాది పాటు చర్మం కింద పెరిగి ఎండాకాలంలో కాలికి పుండు చేసుకుని తల బయటపెడుతుంది. ఆ తలను వేపపుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్త తిప్పుతూ బయటికి తీయాలి. నెల పట్టొచ్చు. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే లోపల మిగిలింది కుళ్లుతుంది. ఊళ్లో చేదబావి దగ్గరికి మమ్మల్ని రానివ్వరు గనక మా పాలెమంతటికీ పాత దిగుడుబావే దిక్కు. పుండు కాళ్లతోనే మెట్లు దిగి నీళ్లు ముంచుకుంటాం. ఏటా వేసవిలో సగం పాలెం కుంటుతుంది.

నా బాధ పుండు గురించి కాదు. పదేళ్లుగా మా ఇంట్లో ఎవరికీ నారి కురుపు లేవలేదు. అది నేను మామూలు విషయంగా వదిలేశానా? లేదు. "ప్రార్థన గల ఇంటికి ప్రభువే కంచె" అని ఎన్ని ఆదివారాలు చెప్పానో నాకే లెక్క తెలీదు. జనం నమ్మారు. ఇప్పుడు కంచె వేసుకున్నవాడి కాలికే పురుగు వచ్చింది. ఆ తరువాత పది రోజులూ నేను వేపపుల్ల తిప్పుకుంటూ దేవుణ్ణి అడిగిందల్లా ఒకటే: నా పరువు కాపాడు.

మా పాలెంలో ఏటా వేసవిలో సభలు జరుగుతాయి. చుట్టుపక్కల పాలేల నుంచి విశ్వాసులు వస్తారు. ఆ ఏడు సభల ఆదివారం దగ్గరపడింది. నా కాలి మీద పుల్ల అలాగే ఉంది. శనివారం యోహానన్నా మరి ముగ్గురు పెద్దలూ ఉపవాసం ఉండి, నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నూనె రాసి ప్రార్థన చేశారు. వాళ్ల ప్రార్థన నిజమైనదే. దొంగతనం నాది. వాళ్లు కళ్లు మూసుకుని ఉండగా నేను కట్టులోకి చెయ్యి పోనిచ్చి పుల్లను కొంచెం లాగాను. మరి కొంచెం లాగాను. పుల్ల చేతిలోకి వచ్చేసింది. నొప్పి కూడా తగ్గినట్టే అనిపించింది. "వచ్చేసింది!" అని అరిచాను. యోహానన్న నన్ను కావలించుకుని ఏడ్చాడు.

ఇంటికి వచ్చాక నా భార్య సంతోషమ్మ ఆ పుల్లను వెలుతురులో పెట్టి చూసింది. "ఏమయ్యా, ఈ పురుగు జానెడు కూడా లేదు. కొస చూడు, తెగినట్టుంది గదా" అంది.

"నీకు విశ్వాసం తక్కువ" అన్నాను. పదిమంది ఎదుట నేను ఎంత మెత్తని మనిషినో, ఇంట్లో అంత కరుకు.

మరునాడు సభలో లేచి సాక్ష్యం చెప్పాను. ప్రభువు నన్ను ముట్టాడని, నా కాలు బాగైందని చెప్పాను. అందరి ముందు కట్టు విప్పి అవతల పారేసి, ఆ వేపపుల్లను తీసుకెళ్లి ప్రభువు బల్ల మీద పెట్టాను. జనం లేచి నిలబడి కీర్తన ఎత్తుకున్నారు. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. స్వస్థత సాక్ష్యం చెప్పినవాడు ఆ జబ్బుకు మళ్లీ మందు ముట్టుకోడు. ముట్టుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే. ఈ కట్టుబాటును అందరికంటే గట్టిగా బోధించింది నేనే.

మంగళవారం చలి జ్వరం వచ్చింది. గజ్జల్లో బిళ్ల కట్టింది. పిక్క ఎర్రగా ఉబ్బింది. నేను పంచె కింది దాకా జారవిడిచి కట్టుకుని, బడిలో కూర్చునే పాఠం చెప్పాను. అడిగినవాళ్లకు నడుం పట్టిందన్నాను. చీము వాసన తెలియకుండా రోజూ సాంబ్రాణి వేయించాను. ఉపదేశయ్య ఇంట్లో ఇప్పుడు మూడు పూటలా ప్రార్థనే అని పాలెంలో చెప్పుకున్నారట.

ఆ రోజుల్లోనే మార్తమ్మవ్వ వచ్చింది. ఒంటరి ముసలామె, గొర్రెల కాపర్లకు గడ్డి కోసి బతుకుతుంది. ఆమె మోకాలి కింద నారి కురుపు తల బయటపెట్టింది.

"నాయనా, నీకు చేసిన దేవుడు నాకు చేయడా? చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి" అంది.

నా కాలు పంచె కింద సలుపుతోంది. నేను ఆమె తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాను. నోట్లోంచి మాటలు వస్తూనే ఉన్నాయి, అలవాటైన మాటలు. ఆ మాటల మధ్యే నాకు తోచింది, అవతల వినేవాడు ఎవడూ లేడేమోనని. ఉప్పు డబ్బాలో చెయ్యిపెట్టి ఉప్పు అయిపోయిందని తెలుసుకున్నట్టు, అంత మామూలుగా తోచింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆమేన్ అన్నాను. అవ్వ సంతోషంగా లేచి వెళ్లింది.

సాక్ష్యం చెప్పిన ఇరవయ్యో రోజున బడిలో పలక అందుకోబోయి ముందుకు పడ్డాను. పిల్లలు నా పంచె తొలగిన కాలు చూసి బయటికి పరుగెత్తారు. సంతోషమ్మ వచ్చింది. ఆమె నన్ను తిట్టలేదు, ఎవరినీ సలహా అడగలేదు. బండి తెప్పించి గడ్డి పరిచింది. యోహానన్న అడ్డం వచ్చి, "అమ్మాయ్, ఆసుపత్రికి తీసుకపోతే సాక్ష్యం ఏం కావాల?" అన్నాడు.

"సాక్ష్యం మీరు పెట్టుకోండి మామా. మనిషిని నాకు ఇయ్యండి" అంది సంతోషమ్మ.

మార్కాపురం అవతల మిషను ఆసుపత్రికి చేరేసరికి నాకు సగం తెలివి లేదు. అక్కడి డాక్టరమ్మ తెలుగావిడే, గుంటూరు వైపు మనిషి. గాయం చూసి, "ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

"నాలుగు రోజులు" అన్నాను.

"పురుగు తెగి ఇరవై రోజులమ్మా" అంది నా భార్య.

డాక్టరమ్మ నా వంక ఒకసారి చూసి, ఇక ప్రశ్నలన్నీ ఆమెనే అడిగింది. తరువాత నాతో, "పురుగు లోపల తెగింది. కాలంతా సెప్టిక్ అయింది. టెంపరేచర్ నూట నాలుగు. ఇప్పుడే ఇన్సిషన్ పెట్టి చీము తీస్తాను. మోకాలి జాయింట్‌లోకి పాకితే మాత్రం ఆంప్యుటేషన్ తప్పదు. ముందే చెబుతున్నాను" అంది. ఆంప్యుటేషన్ అంటే ఏమిటో నాకు తెలీదు. గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్ మస్తాను తన అరచేతిని తొడ మీద కత్తిలా పెట్టి చూపించాడు.

క్లోరోఫాం ఇచ్చి కాలు మూడు చోట్ల కోశారు. చీము కారిపోవడానికి లోపల గొట్టం, డ్రైన్ అంటారు, పెట్టారు. యుద్ధం వల్ల చీము తగ్గించే సల్ఫా మాత్రలు దొరకడం కష్టంగా ఉందని, ఉన్నవే సర్దుతున్నామని చెప్పారు. వారం గడిచాక జ్వరం తగ్గింది. బతికానురా అనుకుంటుండగా తొమ్మిదో రోజు మోకాలి వెనక మరో గడ్డ లేచింది. మళ్లీ చలి, మళ్లీ వణుకు. డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసి, "దీన్ని కూడా కోస్తున్నాను. రెండు రోజులు చూస్తాను. తగ్గకపోతే ప్రాణమా కాలా అని మీరే తేల్చుకోవాలి" అంది.

ఆ మధ్యాహ్నం సంతోషమ్మ గంజి పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. నేను ఆమెకు చెప్పేశాను. అంతవరకు ఎవరికీ చెప్పని మాట.

"నాకు దేవుడు లేడనిపిస్తాంది. ప్రార్థన రాలేదు నాకు, శానా రోజులైంది."

ఆమె బిత్తరపోతుందనుకున్నాను. చెంబులో గంజి తిప్పుతూ, "సరే. నీకు నమ్మకం వచ్చేదాకా నీ వంతు కూడా నేనే నమ్ముతా. నువ్వు గంజి తాగు" అంది.

గంజి తాగాను. ఆ కష్టకాలంలో నేను చేసిన భక్తి పని అదొక్కటే. మూడో రోజు ఉదయం మస్తాను థర్మామీటరు తీసి చూసి, మళ్లీ విదిలించి పెట్టి, రెండోసారి చూశాడు. "తొంభై తొమ్మిది" అన్నాడు. డాక్టరమ్మ వచ్చి చూసి, "జాయింట్ బాగానే ఉంది. కాలు ఉంటుంది" అంది. అప్పుడు ఏడ్చాను, వార్డులో అందరూ చూస్తుండగా, సిగ్గులేకుండా.

కాలు దక్కింది గానీ మోకాలు వంకరగా బిగుసుకుపోయింది. రోజూ మస్తాను దాన్ని సాగదీసి, వంగకుండా బద్దల స్ప్లింట్ కట్టేవాడు. "అరవండి అయ్యగారూ, ఎవరి పేరు పెట్టి అరిచినా నాకేం అభ్యంతరం లేదు" అనేవాడు. నేను చాలావరకు మా అమ్మ పేరు పెట్టే అరిచాను.

కాస్త కోలుకున్నాక డాక్టరమ్మ అడిగింది. "పోయిన ఏడు ఎండాకాలం దిగుడుబావి నీళ్లు ఎక్కడైనా తాగారా? పురుగు ఒంట్లోకి చేరేది ఆ నీళ్లతోనే. పుండున్నవాళ్లు నీళ్లలో దిగినప్పుడు దాని పిల్లలు నీళ్లలో పడతాయి. సైక్లాప్స్ అని, కంటికి కనీ కనపడని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగితే ఏడాదికి ఇలా బయటపడుతుంది."

నాకు వెంటనే గుర్తొచ్చింది. పుల్లలచెరువు వైపు ఒక సమాధి ప్రార్థనకు వెళ్లి తిరిగొస్తూ, దారిలో దిగుడుబావిలోకి దిగి దోసిట్లో ముంచుకుని తాగాను. తాగే ముందు ప్రార్థన కూడా చేసుకున్నాను.

"పదేళ్లుగా ఇంట్లో తాగింది కూడా దిగుడుబావి నీళ్లేగా డాక్టరమ్మా. అప్పుడు రాలేదే?" అన్నాను.

సంతోషమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. "నేను వడగడతాను గదా" అంది మెల్లగా. "చిన్నప్పుడు మిషను బోర్డింగ్‌లో దొరసానమ్మ నేర్పింది. పాత చీర గుడ్డ రెండు మడతలేసి కడవ మూతికి కట్టి పోస్తా. పెండ్లయిన కాడినుంచి అంతే."

డాక్టరమ్మ నవ్వింది. "మీ కాలికి పదేళ్లు కాపలా కాసింది ఈవిడే" అని వెళ్లిపోయింది.

నాకు నవ్వు రాలేదు. పదేళ్లుగా ప్రభువు కంచె అని నేను చెప్పింది చీర గుడ్డ! సంతోషమ్మ పాలెంలో ఆడవాళ్లకు వడగట్టమని చెబితే, "మీ ఇంటికి ఉపదేశయ్య ప్రార్థన ఉంది, గుడ్డదేముంది" అని వాళ్లు నవ్వేవారట. అలా నవ్వడం వాళ్లకు నేర్పింది ఎవరు? నేనే. రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. చివరికి కక్కేశాను. "ఇంక దేవుడు చేసిందేముంది? అంతా నీ గుడ్డే చేసింది."

"నాకు ఆ బుద్ధి పుట్టించింది ఎవరో? పదేండ్లు విసుగు లేకుండా చేయించింది ఎవరో?" అంది. "నేను కడవకు గుడ్డ కట్టేటప్పుడల్లా, ప్రభువా మా ఇంటాయన్ని కాపాడు అని కడతా. నువ్వు కోరినట్టు రాలేదని దేవుడు రాలేదంటావు, అట్లయితే ఎట్ల?"

ఆమె ఇంకా వదల్లేదు. "ఒకటి అడుగుతా చెప్పు. ప్రభువు సమాధిలోంచి లేచి వచ్చినాక శిష్యులకు తన గాయాలు చూపించినాడా, దాచినాడా?"

"చూపించినాడు."

"మరి నువ్వేంది, సాంబ్రాణి వేసి దాచినావు?"

"ఇదంతా నీకు ఎవరు చెప్పినారు?" అన్నాను.

"నువ్వే. ఈస్టరు ప్రసంగం. నువ్వు చెప్తావు, నేను ఇంటా" అంది.

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ల తరువాతో వచ్చిన నవ్వు. నవ్వుతూ ఉండగానే, దేవుడికి నా మీద విసుగు పుట్టలేదేమోనని కొంచెం ధైర్యం కలిగింది. ఆ రోజు ప్రార్థన చేశాను. "ప్రభువా, నేను అబద్ధం చెప్పాను" అన్నాను. అంతకు మించి మాటలు రాలేదు, వెతకలేదు.

రెండు నెలల పైన ఆసుపత్రిలో ఉండి, చేతికర్రతో పాలెం చేరాను. శనివారం యోహానన్న దగ్గరికి వెళ్లి, రేపు నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "సాక్ష్యం వెనక్కి తీసుకునేది నా బతుకులో ఇనలేదు. సంఘం పరువు పోతుంది నాయనా" అన్నాడు.

ఆదివారం లేచి నిలబడ్డాను. బల్ల మీద నా వేపపుల్ల అలాగే ఉంది, ఎండిపోయి. దాన్ని తీసుకుని చేత్తో పట్టుకున్నాను. "ఇది దేవుడు తీసింది కాదు. నేను లాగితే తెగింది. నేను బాగైనానని చెప్పిన రోజున నాకు బాగు కాలేదు. ఇరవై రోజులు పుండు దాచుకుని మీకు ప్రార్థనలు చేసినాను. తప్పు దేవునిది కాదు, పెద్దలది కాదు, నాది" అన్నాను. పంచె పైకెత్తి కోతలన్నీ చూపించాను. ఎవరూ కీర్తన ఎత్తుకోలేదు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మార్తమ్మవ్వ గోడ పట్టుకుని లేచింది. చీర అంచు మోకాలి దాకా ఎత్తింది. కింద నల్లబడిన గుడ్డ చుట్టి ఉంది. వాసన నా దాకా వచ్చింది. నాకు బాగా తెలిసిన వాసన.

"నువ్వు ప్రార్థన చేసినాక నేనూ పుల్ల లాగేసినా నాయనా. బాగైందని అందరికీ చెప్పినా. మళ్లీ ఎట్ల చెప్పేది, నొప్పి అని?"

ఆమె పక్కన ఇంకొకామె మెల్లగా లేచింది. మగవాళ్లలో ఇద్దరు లేచారు. ఆఖరున ముందు వరసలో యోహానన్న, నా వంక చూడకుండా, తన పంచె ఎడమకాలి మీంచి పక్కకు తీశాడు.

ఆ రోజు ప్రసంగం లేదు. మూడు బండ్లు కట్టి నేరుగా ప్రార్థన ఇంటి నుంచే ఆసుపత్రికి పోయాం. డాక్టరమ్మ మా వరస చూసి, "ఏమిటయ్యా, సంఘం మొత్తం తెచ్చావా?" అంది. అందరూ తిరిగొచ్చారు. మార్తమ్మవ్వ గురించే నాకు దడ ఎక్కువగా ఉండేది. ఆమె రెండున్నర నెలలు పడుకుని, నాకంటే ఎక్కువ కుంటుతూ, నాకంటే ఎక్కువ మాట్లాడుతూ వచ్చింది. ఇప్పటికీ ఎదురైతే, "నువ్వు ప్రార్థన చేస్తే ముందు నీ కాలు చూపించు" అంటుంది. చూపిస్తాను.

ఉద్యోగం పోలేదు. యోహానన్నే పట్టుబట్టి నిలబెట్టాడు. నా మోకాలు పూర్తిగా చాపలేను, దూరం నడవలేను. విశ్వాసం అంటారా, మునుపటిలా పెద్ద గొంతుతో లేదు. సందేహం వచ్చిన రోజు వచ్చిందని సంతోషమ్మకు చెబుతాను. ఆమె తన వంతుతో పాటు నా వంతు కూడా నమ్మిపెడుతుంది. రెండు మూడు రోజులకు నాది నేను తిరిగి తీసుకుంటాను. నా ప్రార్థనలు పొట్టివయ్యాయి, జనానికి అదొక సుఖం. ఇన్నాళ్లకు హాయిగా ఉంది.

ఇది చదివేవాళ్లలో దిగుడుబావి నీళ్లు తాగేవాళ్లు ఉంటే, నేను చెప్పేది ఒకటే. పాత చీర గుడ్డ ఉతికి, రెండు మడతలు వేసి, కడవ మూతికి కట్టి నీళ్లు వడబోయండి. దారిలో దాహమైనా సరే, దోసిలితో తాగకండి, జేబులో గుడ్డ పెట్టుకోండి. మా ప్రార్థన ఇంటి గుమ్మం దగ్గర ఇప్పుడు నీళ్ల కడవ ఉంది. ఆదివారం పొద్దున దానికి గుడ్డ కట్టే పని నాది. ప్రార్థన చేసుకుంటూ కట్టినా, చేయకుండా కట్టినా, మీరు మాత్రం కట్టండి.

నేనైతే ప్రార్థన చేసుకుంటూనే కడుతున్నాను.